నేను 94 కేజీలు, మా ఆవిడ 51: లేటెక్స్ పరుపు ఎంత గట్టిది తీసుకోవాలి?

అరనిద్ర
మా పాత స్ప్రింగు పరుపు నా వైపు గుంట పడిపోయింది. మా ఆవిడ రాత్రంతా నా మీదకి జారిపోతోంది, జారకుండా అంచు పట్టుకుని పడుకుంటోంది. అందుకే లేటెక్స్‌కి, అంటే రబ్బరు పాలతో చేసే ఫోమ్ పరుపుకి, మారదామనుకున్నాం. పేచీ ఇక్కడే వచ్చింది. షోరూములో మీడియం మీద పడుకుంటే తనకి హాయిగా ఉంది, నాకు మాత్రం నడుం కిందికి దిగిపోయింది. ఫర్మ్ (గట్టి రకం) మీదకి మారితే నాకు ప్రాణం లేచొచ్చింది, తనకి కాసేపట్లోనే భుజం తిమ్మిరెక్కింది. తను పక్కకి తిరిగే పడుకుంటుంది. నేను ఎక్కువగా వెల్లకిలా. అమ్మే అతను "మధ్యేమార్గంగా మీడియం ఫర్మ్ తీసుకోండి, ఇద్దరికీ సరిపోతుంది" అంటున్నాడు. ఇద్దరికీ సరిపోతుందా, ఇద్దరికీ చెరిసగం ఇబ్బందా? క్వీన్ సైజు, 8 అంగుళాల మందం అనుకుంటున్నాం. వాడుతున్నవాళ్లు చెప్పండి.

కుడివైపు
మీడియం ఫర్మ్ తీసుకోండి, ఆలోచించకండి. మేం అదే వాడుతున్నాం, ఇద్దరికీ బావుంది.

తూకంరాయి
@కుడివైపు మీ ఇద్దరి బరువులెంత?

కుడివైపు
నేను 70, ఆయన 78.

తూకంరాయి
8 కేజీల తేడాకి ఏ పరుపైనా సర్దుకుంటుందండీ. ఆయనకి తేడా 43. అదే సమస్య.

కొబ్బరిపీచు
లేటెక్స్ ఎందుకు అసలు? గట్టి పీచు పరుపు వేసుకుంటే ఎవరూ ఎవరి మీదకీ జారరు. నడుముకి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

రబ్బరుపాలు
ఫోమ్ తయారీలో పనిచేసినవాణ్ని, కాస్త విడమర్చి చెప్తా. పొడుగైపోతుంది, ఓపిక పట్టండి.

మీరిద్దరూ ఒకే పరుపు మీద పడుకుంటారు గానీ ఒకే లోతులో పడుకోరు. ఒకే చెరువులో ఒకరు మోకాలి లోతున, ఒకరు నడుం లోతున నిలబడ్డట్టు. 51 కేజీల మనిషి పైనున్న రెండు మూడు అంగుళాల్లోనే ఆగిపోతుంది. దాని కింద ఎంత గట్టి పొర ఉన్నా ఆవిడకి పెద్దగా తెలియదు. మీరు ఆ పై పొరని నొక్కేసి కింది పొర మీద ఆగుతారు. కాబట్టి పై పొర ఆవిడ కోసం, కింది పొరలు మీ కోసం ఎంచుకోవాలి. 8 అంగుళాలూ ఒకే దిమ్మగా వచ్చే పరుపులో ఈ వెసులుబాటు ఉండదు. అందుకే షోరూములో మీకు ఒకటి నప్పితే ఆవిడకి ఇంకోటి నప్పింది.

ఇక అంకెలు. లేటెక్స్ గట్టిదనాన్ని ఐఎల్‌డీ అని కొలుస్తారు. 50 చదరపు అంగుళాల గుండ్రటి పళ్లేన్ని ఫోమ్ మీద పెట్టి నొక్కుతారు. ఫోమ్ మందంలో 25 శాతం దిగడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టిందో అదే ఐఎల్‌డీ. 20 లోపుంటే మెత్తన, 20 నుంచి 30 మధ్య మీడియం, 30 దాటితే గట్టి అని స్థూలంగా అనుకోవచ్చు. అయితే ముక్క మందం మారితే కొలత మారుతుంది. అందుకని ఒక కంపెనీ 28ని ఇంకో కంపెనీ 28తో పోల్చకండి, ఒకే కంపెనీ పొరల్లో పోల్చుకోండి. "ఫర్మ్", "మీడియం" లాంటి మాటలైతే ఇంకా వదులు. అదెవరికి ఫర్మ్? 50 కేజీల మనిషికా, 95 కేజీల మనిషికా?

మీ ఇద్దరికీ నేననేది: పైన 2 అంగుళాలు మెత్తటి పొర ఇద్దరికీ కలిపి ఒకటే. దాని కింద 3 అంగుళాల పొర, ఆ కింద ఇంకో 3 అంగుళాలు. ఈ రెండూ మధ్యకి నిలువుగా చీల్చి, మీ వైపు రెండూ గట్టివి, ఆవిడ వైపు మధ్యది మీడియం, అడుగుది గట్టిది.

ఎనిమిదోగంట
ఈ ఒక్క పోస్టు చదివితే చాలు, షోరూములో గంటసేపు ఉపన్యాసం వినక్కర్లేదు 👏

అరనిద్ర
@రబ్బరుపాలు ఇప్పటిదాకా నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. ఒక అనుమానం. మా దగ్గర అమ్మేవాళ్లెవరూ ఐఎల్‌డీ చెప్పడం లేదు. "80 డెన్సిటీ", "90 డెన్సిటీ" అంటున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

రబ్బరుపాలు
ఒకటి కాదు. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి ఎన్ని కేజీల సరుకుందో అది. డన్‌లప్ అనే పద్ధతిలో చేసిన లేటెక్స్‌లో డెన్సిటీ, గట్టిదనం రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి దాన్నే చెప్పి అమ్ముతారు. 65-75 మెత్తన, 80 చుట్టుపక్కల మీడియం, 90 దగ్గర గట్టి, ఇంచుమించుగా. కానీ సుద్దపొడి, బంకమట్టి లాంటివి కలిపిన లేటెక్స్ కూడా బరువు తూగుతుంది. అది బరువు వల్ల గట్టిది అనిపించుకుంటుంది గానీ త్వరగా సాగుడు పోయి పొడిపొడిగా రాలుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి, మంచిది వెంటనే పైకి లేస్తుంది. అంచు మడిచి చూడండి, పగుళ్లు రాకూడదు.

దుప్పటంచు
మడవడం, నొక్కడం కాదండీ, షోరూములో పరుపు మీద కూర్చోడానికే భయపడతాం మేం. చెప్పులు తీసి పడుకోమని నలుగురూ చూస్తుంటే ఎవరికి నిద్రొస్తుంది?

తూకంరాయి
నిద్ర రానక్కర్లేదు. ఇద్దరూ ఒకేసారి, మీరు ఇంట్లో పడుకునే భంగిమలోనే, పావుగంట తగ్గకుండా పడుకోవాలి. విడివిడిగా పడుకుని చూస్తే పక్క మనిషి బరువుకి మీ వైపు ఎంత వంగుతుందో తెలియదు. ఎవరు చూస్తే మనకేంటి, డబ్బులు మనవి.

ఫిజియోఅక్క
@కొబ్బరిపీచు గారి మాట దగ్గర ఆగుతున్నాను, ఎందుకంటే ఆ మాట విని చాలామంది నా దగ్గరికొస్తారు. ఎంత గట్టిగా ఉంటే నడుముకి అంత మంచిదన్నది అందరికీ వర్తించదు. 2003లో లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఎప్పట్నుంచో నడుం నొప్పి ఉన్న 313 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి గట్టి పరుపు, ఇంకో గుంపుకి మధ్యరకం గట్టి పరుపు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకీ తెలియదు, లెక్క చూసినవాళ్లకీ తెలియదు. 90 రోజుల తర్వాత మధ్యరకం పరుపు వాళ్లకే మంచంలో నొప్పి, లేచేటప్పటి నొప్పి ఎక్కువ తగ్గాయి.

పక్కకి తిరిగి పడుకునే సన్నటి మనిషిని బల్లలాంటి పరుపు మీద వేస్తే భుజం, తుంటి లోపలికి దిగవు, నడుం గాల్లో వేలాడుతుంది. @అరనిద్ర గారి భార్యకి భుజం తిమ్మిరెక్కింది అందుకే.

కొబ్బరిపీచు
మా నాన్నగారు జీవితాంతం నేలమీద చాప వేసుకునే పడుకున్నారు. ఒక్క రోజు నడుం నొప్పి అనలేదు.

ఫిజియోఅక్క
ఆయన వెల్లకిలా పడుకునేవారేమో చూడండి. వెల్లకిలా పడుకునేవాళ్లకి గట్టి పరుపు చాలావరకు సర్దుకుంటుంది. బోర్లా పడుకునేవాళ్లకి అయితే కావాలి కూడా, లేకపోతే పొట్ట దిగబడి నడుం విల్లులా వంగుతుంది. ఒంటికి ఏది నప్పుతుందన్నది బరువు ఒక్కటే చెప్పదు. బరువు, పడుకునే తీరు, భుజాల వెడల్పు కలిపి చూడాలి.

కొబ్బరిపీచు
వెల్లకిలాయే పడుకునేవారు, నిజమే. ఈ ఒక్కదానికి ఒప్పుకుంటున్నా. కానీ గుంట పడే పరుపు కంటే గట్టిది నయం అన్నది మాత్రం వదలను.

ఫిజియోఅక్క
గుంట పడ్డదాని కంటే ఏదైనా నయమే 🙂

ఇంట్లోనే చూసుకునే రెండు పరీక్షలు. వెల్లకిలా పడుకుని నడుం కింద అరచెయ్యి దూర్చండి. కాస్త ఒరుసుకుంటూ దూరితే సరైన పరుపు. ఖాళీగా అటూ ఇటూ ఆడితే మీకది గట్టి. అస్సలు దూరకపోతే తుంటి మరీ దిగిపోయింది. పక్కకి పడుకునేవాళ్లయితే వెనకనుంచి ఫొటో తీయించుకోండి. మెడ నుంచి తోక ఎముక దాకా ఒకే గీతలో ఉండాలి. ఫొటో తీసేటప్పుడు పక్కన జీవిత భాగస్వామి కూడా పడుకునే ఉండాలి, లేకపోతే ఫొటో అబద్ధం చెప్తుంది. మూడో మనిషి చేత తీయించుకోండి.

దుప్పటంచు
ఆ మూడో మనిషిని పిలవడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు 😄 ఫోన్ టైమర్ పెట్టుకుంటాం.

చెక్కపేడు
అందరూ పరుపు గురించే మాట్లాడుతున్నారు, మంచం ఎవరూ అడగలేదు. @అరనిద్ర మీ మంచం కింద ఏముంది? ప్లైవుడ్ పలకా, చెక్క బద్దలా? మధ్యలో కాలుందా?

అరనిద్ర
చెక్క బద్దలు. మధ్యలో నిలువుగా ఒక దూలం ఉంది, దానికి కాలు లేదు. ఇప్పుడే వంగి చూశా.

చెక్కపేడు
సగం జబ్బు అక్కడే ఉండొచ్చు. క్వీన్ మంచానికి మధ్య దూలం కింద కాలు లేకపోతే మీ బరువుకి దూలమే కుంగుతుంది. దాని మీద ఎంత మంచి పరుపు వేసినా మీ ఇద్దరూ మధ్యకే దొర్లుతారు. ఒక మూల నుంచి మూలకి దారం బిగించి కట్టి చూడండి, మధ్యలో దారానికీ బద్దలకీ ఎంత ఖాళీ వస్తుందో తెలుస్తుంది. బద్దల మధ్య సందు 3 అంగుళాలు దాటకూడదు, లేటెక్స్ ఆ సందుల్లోకి ఉబ్బి దిగుతుంది. వంపు తిరిగిన బద్దలు, స్ప్రింగులా ఊగేవి ఉంటే తీసేసి వంపు లేనివి వేయండి. పరుపు కొనకముందే దూలం కింద రెండు కాళ్లు పెట్టించండి.

రబ్బరుపాలు
@చెక్కపేడు వంద శాతం. నేను పరుపు ధ్యాసలో పడి మంచం మర్చేపోయా. ఇంకోటి కలుపుతున్నా: లేటెక్స్ చాలా బరువు. క్వీన్ సైజు, 8 అంగుళాలు, 80 డెన్సిటీ అంటే పరుపే దగ్గర దగ్గర 49 కేజీలు. మంచం మీద ఆ బరువు, మీ ఇద్దరి 145 కేజీలు, కలిపి చూసుకోండి.

నీలిబొంత
మేం చేసింది వేరే. నేను 48, ఆయన 101. రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేసుకున్నాం. నాది మీడియం కంటే మెత్తన, ఆయనది గట్టిది. ఎవరి పరుపు వాళ్లది, ఎవరు కదిలినా ఇంకొకరికి తెలియదు. మధ్య సందులో పిల్లాడి బొమ్మలు, కళ్లద్దాలు, రిమోట్ దొరుకుతూ ఉంటాయి.

తూకంరాయి
సందులో కాలు పడదా?

నీలిబొంత
మొదట్లో పడేది. రెండు పరుపులూ కలిపి పట్టే బెల్టు బిగించి, పైన రెండంగుళాల లేటెక్స్ టాపర్ (పరుపు మీద పరిచే పల్చటి పొర) ఒకటే పరిచాక తెలియడం లేదు. టాపర్ లేకపోతే మాత్రం మధ్యలో పడుకునే ధైర్యం చేయకండి.

అరనిద్ర
@నీలిబొంత మీ బరువులు మాకంటే దూరం. అయితే మీ పద్ధతీ @రబ్బరుపాలు గారి పద్ధతీ దాదాపు ఒకటే కదా, పొరలు చీల్చి ఒకే కవరులో పెట్టడం?

నీలిబొంత
అవును. కింద రెండు, పైన ఒకటి. కాకపోతే నాది ఎప్పుడైనా విడదీసి రెండు గదుల్లో వేసుకోవచ్చు. ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు బాగా అక్కరకొస్తుంది.

సగంవాటా
ఇన్ని తలనొప్పులెందుకు? గట్టి పరుపు ఒకటి తీసుకుని ఆవిడ వైపు మాత్రం సగం సైజు టాపర్ వేస్తే సరిపోదా? ఖర్చు కూడా తక్కువ.

నీలిబొంత
వేసి చూశాం. మధ్యలో మెట్టు వస్తుంది. నేను రెండంగుళాలు ఎత్తున, ఆయన కింద. అటు తిరిగితే కింద పడ్డట్టే.

చెక్కపేడు
@సగంవాటా రెండో సగంలో అంతే మందం గట్టి పొర వేస్తే మెట్టు పోతుంది. అప్పుడది టాపర్ కాదు, చీల్చిన పొరే.

సగంవాటా
ఓహ్, అలా అయితే ఇందాకటి లెక్కకే వచ్చాం. సరే.

రబ్బరుపాలు
ఇక్కడ నాకో అభిప్రాయభేదం ఉంది, @నీలిబొంత గారితోనే. టాపర్ ఒకటే పరచడం మంచిదే, కానీ 2 అంగుళాలు దాటనివ్వకండి. 3, 4 అంగుళాల మెత్తటి పొర పైన ఉంటే 94 కేజీల మనిషి తుంటి దానిలోనే మునిగిపోతుంది, కింద ఎంత గట్టిది పెట్టినా నడుం వంపు తిరుగుతుంది. పైగా మందపాటి మెత్తటి పొరలో బరువైన వైపు ఎక్కువ దిగి, తేలికైనవాళ్లు మళ్లీ అటు జారతారు.

నీలిబొంత
మాది 2 అంగుళాలేనండీ, పైన రాశా. గొడవేం లేదు 🙂

రబ్బరుపాలు
చూళ్లేదు, మంచిది.

తెల్లారుజాము
@రబ్బరుపాలు డన్‌లప్, టాలలే అని రెండు రకాలంటారు. ఇలాంటి జంటకి ఏది? నేను 58, మా ఆయన 88.

రబ్బరుపాలు
డన్‌లప్ పాత పద్ధతి, 1929లో మొదలైంది. రబ్బరు పాలని నురగలా గిలక్కొట్టి అచ్చులో పోసి ఆవిరితో ఉడికిస్తారు. గట్టిపడేలోపు బరువైన రేణువులు కొంచెం అడుక్కి చేరతాయి, అందుకే ఒకే పొరలో అడుగువైపు కాస్త గట్టిగా ఉంటుంది. టాలలేలో అచ్చుని సగమే నింపి, గాలి లాగేసి నురగని పొంగించి, గడ్డకట్టించి, బొగ్గుపులుసు వాయువు పంపి, తర్వాత వేడి చేస్తారు. అది పైనుంచి కిందిదాకా ఒకేలా, తేలిగ్గా, ఎక్కువ ఎగిరేలా వస్తుంది.

మీకు నా ఎంపిక: కింద డన్‌లప్, పైన 2 అంగుళాలు టాలలే మెత్తటిది. దొరక్కపోతే పైన కూడా తక్కువ డెన్సిటీ డన్‌లప్ వేసుకోవచ్చు, దానికోసం ఆగొద్దు. మీ తేడా 30 కేజీలు, అది కూడా చీల్చిన పొరలకి వెళ్లాల్సిన తేడాయే. 15 లోపుంటే ఒకే పొరలతో నెట్టుకురావచ్చు. 15-25 మధ్య అయితే ఎవరు ఎలా పడుకుంటారో చూసి తేల్చాలి.

తూకంరాయి
ఆ 15, 25 ఎక్కడివి?

రబ్బరుపాలు
ఏ పుస్తకంలోవీ కావు. వెనక్కి తెచ్చిచ్చిన పరుపులు చూసీ చూసీ నాకు కుదిరిన అంచనా. మీకు తేడా ఇంకోలా తోస్తే అలాగే వెళ్లండి.

కుట్టుదారం
కవరు సంగతి ఎవరూ ఎత్తలేదు. పరుపు కవర్లు కుడతాను కాబట్టి చెప్తున్నా. బిగుతుగా, సాగని గుడ్డతో, మందంగా కుట్టు వేసిన కవరు వేస్తే మెత్తటి లేటెక్స్ కూడా గట్టిగా అనిపిస్తుంది. గుడ్డ మొత్తం ఒకే డప్పు చర్మంలా లాగబడి ఉంటుంది, భుజం దిగదు. బరువైనవాళ్లకి పెద్ద తేడా తెలియదు, వాళ్ల బరువు గుడ్డని లాక్కుపోతుంది. దెబ్బ తగిలేది తేలికైనవాళ్లకే. అన్నివైపులా సాగే అల్లిక గుడ్డ, చుట్టూ జిప్పు ఉండేది అడగండి. జిప్పు మూడు వైపులా కాదు, నాలుగు వైపులా ఉండాలి. లేకపోతే లోపలి పొరలు మార్చేటప్పుడు నరకం. నీళ్లు దిగని ప్రొటెక్టర్ వేసినా ఇదే గొడవ, పల్చటిది తీసుకోండి.

అరనిద్ర
షోరూములో ఆ ఫర్మ్ పరుపుకి దూదితో కుట్టిన మందపాటి కవరు ఉంది! మీడియంకి మామూలు అల్లిక గుడ్డ. అంటే తేడా సగం కవరుది కావొచ్చా?

కుట్టుదారం
కొంత అయినా ఉంటుంది. కవరు జిప్పు తీసి నేరుగా లేటెక్స్ మీదే పలుచటి దుప్పటి వేసి పడుకోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి.

ఎనిమిదోగంట
దిండు కూడా మార్చాలి మరి. మా ఇంట్లో పరుపు మెత్తబడగానే మా ఆవిడకి మెడ పట్టేసింది.

ఫిజియోఅక్క
మంచి మాట. పరుపులోకి భుజం ఎంత దిగితే పరుపుకీ తలకీ మధ్య ఎడం అంత తగ్గుతుంది, దిండు అంత పల్చబడాలి. గట్టి పరుపు మీద వాడిన ఎత్తు దిండే మెత్తటి పరుపు మీద వాడితే మెడ పైకి వంగిపోతుంది. చాలామంది పరుపుని తిట్టి వెనక్కి ఇచ్చేస్తారు, తప్పు దిండుది.

తెల్లారుజాము
జిగురు సంగతి? మేం చూసినదానిలో పొరలన్నీ అంటించే ఇస్తామన్నారు, లేకపోతే జారతాయట.

రబ్బరుపాలు
జిగురు వద్దనండి. లేటెక్స్ మీద లేటెక్స్ దానంతటదే పట్టుకుంటుంది, కవరు బిగువుకి కదలదు. అంటిస్తే మార్పులన్నిటికీ తలుపు మూసేసినట్టే. కొన్నేళ్లకి ఆయన వైపు ఒక పొర నలిగితే అదొక్కటే మార్చుకోవచ్చు, ఎవరైనా బరువు తగ్గినా పెరిగినా పొరల వరస మార్చుకోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు కూడా ఆ వైపు మెత్తది పైకి తెచ్చుకున్నవాళ్లున్నారు.

కొనేముందు కాగితం మీద రాయించుకోండి: ప్రతి పొర మందం, డెన్సిటీ లేదా ఐఎల్‌డీ, సహజ లేటెక్స్ శాతం, ఒక్క పొర విడిగా మార్చి ఇస్తారా లేదా. "100 శాతం లేటెక్స్" అంటే సింథటిక్ రబ్బరు కూడా లేటెక్సే కదా అని తప్పించుకుంటారు. "100 శాతం సహజ లేటెక్స్" అని రాయించండి.

అరనిద్ర
రాసుకున్నా. ఈ వారాంతం మంచం కాళ్లు పెట్టించి, తర్వాత పరుపు. చీల్చిన పొరలు, పైన 2 అంగుళాలు ఒకటే, సాగే కవరు, జిగురు లేకుండా. నా వైపు మధ్య పొర మీడియం పెట్టి చూడొద్దా అని మా ఆవిడ అడుగుతోంది, నేను అప్పుడప్పుడు పక్కకీ తిరుగుతాను కాబట్టి.

ఫిజియోఅక్క
మీ భుజాలు వెడల్పయితే ఆవిడ అన్నదాంట్లో సబబుంది. ముందు రెండూ గట్టివే పెట్టుకుని మూడు నాలుగు వారాలు పడుకోండి. కొత్త లేటెక్స్ కొంచెం మెత్తబడుతుంది, ఒళ్లూ అలవాటుపడుతుంది. అప్పటికీ పక్కకి తిరిగినప్పుడు భుజం నొక్కుకుంటే మీ మధ్య పొర మార్చండి.

దుప్పటంచు
పొరలు మార్చడం ఒక్కరివల్ల అవుతుందా?

కుట్టుదారం
చీల్చిన పొర అయితే ఒక్కరే చేయొచ్చు, 3 అంగుళాల సగం ముక్క 9 కేజీలుంటుంది. ఒకటే జాగ్రత్త: అంచు పట్టుకుని లాగొద్దు, చిరిగిపోతుంది. కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి, లేదా చాపలా చుట్టి జరపండి.

తెల్లారుజాము
బయటికి తీసినప్పుడు ఓ పూట ఎండలో వేయొచ్చా? వాసన పోతుందని.

రబ్బరుపాలు
వద్దు. ఎండ తగిలితే లేటెక్స్ పసుపెక్కి పెళుసుబారుతుంది. నీడలో, ఫ్యాను కింద పెట్టండి. కవరు మాత్రం ఉతికి ఎండలో ఎంతసేపైనా ఆరేసుకోండి.